ట్రమడాల్, టాపెంటడాల్ మానేటప్పుడు: మొదటి వారం, అంతకంటే ముఖ్యమైన తర్వాతి నెలలు

టాపెంటడాల్, ట్రమడాల్ లాంటి మత్తెక్కించే నొప్పి మాత్రలకి అలవాటు పడ్డ పిల్లాణ్ణి వారం రోజులు గదిలో ఉంచి కాపలా కాస్తే చాలు, ఒంట్లోంచి మందు పోతుంది, దాంతో అలవాటూ పోతుందని చాలా ఇళ్లల్లో నమ్ముతారు. వారం తర్వాత వాడు లేచి స్నానం చేసి అన్నం తింటుంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ప్రాణానికి ఎక్కువ ముప్పు ఉన్న రోజులు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. మందుని తట్టుకునే శక్తి ఆ వారంలోనే పడిపోతుంది. మందు మీద యావ మాత్రం ఎక్కడికీ పోదు. పాత లెక్కన ఒక్కసారి వేసుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. మొదటి వారం ఎలా గట్టెక్కాలో వివరంగా రాస్తాను, కానీ ఆ వారం గడవడాన్నే చికిత్స అనుకోవద్దు.

ముందు ఏ మందు, రోజుకి ఎన్ని అన్నది తేల్చుకోండి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి, ఎందుకంటే చాలా మాత్రల్లో ఒకే మందు ఉండదు. ట్రమడాల్, పారాసెటమాల్ కలిపిన మాత్రలో సాధారణంగా 37.5 మి.గ్రా. ట్రమడాల్‌తో పాటు 325 మి.గ్రా. పారాసెటమాల్ ఉంటుంది. రోజుకి 15 మాత్రలు మింగేవాడి కడుపులోకి 4,875 మి.గ్రా. పారాసెటమాల్ వెళ్తోంది. పెద్దవాళ్లకి రోజుకి 4,000 దాటకూడదు, మద్యం తాగేవాళ్లకి అంతకంటే తక్కువే హద్దు. ఇలాంటివాళ్లకి ముందు లివర్ పరీక్ష చేయించాలి. కోడీన్ దగ్గు సిరప్ సంగతీ అంతే. 5 మి.లీ.లో 10 మి.గ్రా. కోడీన్, 4 మి.గ్రా. క్లోర్‌ఫెనిరమిన్ ఉండే రకమైతే 100 మి.లీ. సీసా ఒక్కసారిగా తాగినప్పుడు 200 మి.గ్రా. కోడీన్‌తో పాటు 80 మి.గ్రా. క్లోర్‌ఫెనిరమిన్ పోతుంది. క్లోర్‌ఫెనిరమిన్ అనేది అలర్జీ మందు, రోజుకి 24 మి.గ్రా. దాటకూడదు. సీసా ఎత్తినవాడు అయోమయంగా మాట్లాడటానికి, మూత్రం పోయలేకపోవడానికి ఇదీ ఒక కారణం.

ట్రమడాల్‌ది ఇంకో ప్రత్యేకత. ఇది నల్లమందు జాతి మందులా పనిచేస్తూనే డిప్రెషన్ మందుల మాదిరిగా మెదడులో సెరటోనిన్‌నీ పెంచుతుంది. అందుకే మానేసినప్పుడు మామూలు ఒళ్లు నొప్పులతో పాటు తలలో కరెంటు షాక్ కొట్టినట్టు ఉండటం, గుండెదడ, విపరీతమైన భయం, కొందరిలో లేనివి కనిపించడం కూడా ఉంటాయి. రోజుకి 400 మి.గ్రా. దాటి వాడేవాళ్లకి ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది. ఒకసారైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి.

ఇంట్లో మానకూడనివాళ్లు కొందరున్నారు. మద్యం గానీ, ఆల్ప్రజోలం, డయాజిపామ్ లాంటి నిద్ర మాత్రలు గానీ రోజూ కలిపి తీసుకునేవాళ్లు అన్నీ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, మతి తప్పడం వస్తాయి. ఆ రెండూ ప్రాణం తీయగలవు. వీళ్లని తప్పనిసరిగా ఆసుపత్రిలో చేర్చాలి. గర్భిణులు సొంతంగా ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే గర్భం పోయే ప్రమాదం, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఉంటాయి. వాళ్లకి బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందుతో నిలకడగా ఉంచడమే చికిత్స. గుండె జబ్బు ఉన్నవాళ్లు, సూది వాడి చేతికో కాలికో చీము పట్టినవాళ్లు, చచ్చిపోవాలనిపిస్తోందని అన్నవాళ్లు కూడా ఇంట్లో ప్రయత్నించకూడదు.

ఇక రోజుల లెక్క. ట్రమడాల్, టాపెంటడాల్, హెరాయిన్ లాంటివి ఆపాక 8 నుంచి 24 గంటల్లో బాధ మొదలవుతుంది. తొలి గుర్తు ఆవలింతలు. నిద్ర రాకపోయినా ఆగకుండా ఆవలింతలు, కళ్లలో నీళ్లు, ముక్కు కారడం, తుమ్ములు, చిరాకు. రెండో రోజు, మూడో రోజు తారస్థాయి: ఎముకల్లోంచి లాగుతున్నట్టు నొప్పులు, కాళ్లు ఒకచోట ఉండనీయకపోవడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, చెమటలు, చలి, వాంతులు, విరేచనాలు, కంటిపాప పెద్దదవడం. ఐదు నుంచి పది రోజుల్లో ఒంటి బాధలు దిగుతాయి. నెమ్మదిగా విడుదలయ్యే ఎస్‌ఆర్ మాత్రలైతే మొదలవడం కాస్త ఆలస్యమవుతుంది. నిద్ర మాత్రం చివరికి తిరిగొస్తుంది, ఒక్కోసారి నెల కూడా పడుతుంది.

నొప్పి తెలియనీయకుండా దాచింది ఆ మందే కాబట్టి, మానగానే పాత నొప్పులన్నీ ఒకేసారి పైకి వస్తాయి. పిప్పి పన్ను అకస్మాత్తుగా సలపడం చాలా మామూలు. అది కూడా విత్‌డ్రాయలే (మందు ఆపినందుకు వచ్చే బాధే) అనుకుని వదిలేస్తే చీము పట్టేదాకా వెళ్తుంది.

ఆ వారంలో ఇంట్లో చేయాల్సిన వాటిలో నీళ్లదే మొదటి స్థానం. ఈ మందులు మానడం దానంతట అదే ప్రాణం తీయదంటారు. కానీ వాంతులు, విరేచనాలు ఆగక, చూసే దిక్కు లేక ఒంట్లో నీరంతా పోయి చనిపోయినవాళ్లున్నారు. ప్యాకెట్ మీద లీటరుకని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ పొడి మొత్తం సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం పొడి గ్లాసులో, మిగతా సగం రేపటికి అని పంచితే ఉప్పు లెక్క తప్పుతుంది. చిక్కగా కలిపితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాలి. పొడి దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు చదును టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. తియ్యటి పళ్లరసం డబ్బాలు దీనికి బదులు కావు. వాంతులవుతుంటే గ్లాసు గ్లాసుగా పట్టించకండి. రెండు మూడు నిమిషాలకొక చెంచా చొప్పున ఇస్తే లోపల నిలుస్తుంది. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. ఎనిమిది గంటల పాటు మూత్రం రాకపోయినా, నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా, వాంతిలో గానీ విరేచనంలో గానీ రక్తం కనిపించినా, మాట తడబడుతున్నా ఇంకేమీ చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి సెలైన్ పెట్టించాలి.

తిండి గురించి గొడవ పడొద్దు. గంజి, పల్చటి మజ్జిగ, చారన్నం, సగ్గుబియ్యం జావ, ఇడ్లీ, ఏది దిగితే అది. వేడినీళ్ల స్నానం కాళ్ల లాగుడికి మాత్ర కంటే బాగా పనిచేసే వేళలుంటాయి, రాత్రి రెండింటికైనా సరే కాచి పోయండి. చెమటకి తడిసిన దుప్పట్లు మార్చడానికి రెండు మూడు జతలు దగ్గర పెట్టుకోండి. మధ్యాహ్నం దాటాక టీ, కాఫీ వద్దు. గదికి తాళం వేయకండి. లోపల ఫిట్స్ వచ్చినా, ఉరికి ప్రయత్నించినా తలుపు తెరిచేసరికి ఆలస్యమైపోతుంది.

బాధలు తగ్గించే మందుల్లో ఏది ఎందుకో తెలిసి ఉంటే మంచిది, కానీ రాయాల్సింది డాక్టరే. నొప్పులకి పారాసెటమాల్ 650 మి.గ్రా., ఆరు గంటల ఎడంతో రోజుకి నాలుగుకి మించకుండా. పైన చెప్పిన కలిపిన మాత్రలు వాడినవాళ్లకి మాత్రం లివర్ రిపోర్టు చూశాకే. కడుపులో పుండు, కిడ్నీ సమస్య లేనివాళ్లకి ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా. అన్నం తిన్నాక. క్లోనిడిన్ అనే రక్తపోటు మందు చెమటలు, ముక్కు కారడం, గుండెదడ, లోపలి వణుకు తగ్గిస్తుంది. ఎముకల నొప్పినీ, యావనీ పెద్దగా తగ్గించదు. సాధారణంగా 100 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి రోజుకి మూడు నాలుగుసార్లు ఇస్తారు. వేసే ప్రతిసారీ ముందు బీపీ చూడాలి. 90/60 కంటే తక్కువుంటే ఆ డోసు వేయకూడదు. మంచం మీంచి చటుక్కున లేస్తే పడిపోతారు, ముందు కూర్చోబెట్టి తర్వాత నిలబెట్టాలి. కొన్ని రోజులు వాడాక ఒక్కసారిగా ఆపినా బీపీ పైకెగురుతుంది, మెల్లగా తగ్గించాలి.

విరేచనాలకి లోపెరమైడ్ 2 మి.గ్రా. మాత్రలు మొదట రెండు, తర్వాత పల్చగా వెళ్లిన ప్రతిసారీ ఒకటి. డాక్టరు చెప్పకుండా రోజుకి నాలుగు మాత్రలు దాటొద్దు. ఇదీ నల్లమందు జాతి మందే, మామూలు డోసులో పేగుల మీద మాత్రమే పనిచేస్తుంది. విత్‌డ్రాయల్ తగ్గుతుందని విని గుప్పెడు మింగేవాళ్లుంటారు, అలా చేస్తే గుండె లయ తప్పి ప్రాణం మీదికొస్తుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. పిల్లాడు అల్లాడిపోతుంటే ఊళ్లో ఆర్‌ఎంపీని పిలుస్తారు. ఆయన జాలిపడి నొప్పికి పెంటజోసిన్ ఇంజెక్షనో, నిద్రకి డయాజిపామో ఇస్తాడు. ఈ మందులకి అలవాటు పడ్డ ఒంట్లో పెంటజోసిన్ విత్‌డ్రాయల్‌ని ఇంకా రెచ్చగొడుతుంది. డయాజిపామ్, ఆల్ప్రజోలం పడ్డాక అదే రాత్రి దాచుకున్న స్ట్రిప్ వేసుకుంటే రెండూ కలిసి ఊపిరిని ఆపేస్తాయి. నిద్ర మాత్రలు ఇవ్వాలంటే పక్కన మనిషిని పెట్టి, లెక్కగా, సైకియాట్రిస్ట్ చెప్పినట్టే ఇవ్వాలి.

అసలు చికిత్స బ్యూప్రెనార్ఫిన్. దీన్ని "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేయడం" అని కొట్టిపారేసేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. ఆ మాట వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. ఈ మందు మెదడులో ట్రమడాల్, హెరాయిన్ లాంటివి అతుక్కునే చోట్లకే, అంటే అవే గ్రాహకాలకి, గట్టిగా అతుక్కుంటుంది, కానీ వాటిని సగమే కదిలిస్తుంది. కాబట్టి బాధ పోతుంది, యావ తగ్గుతుంది, డోసు పెంచినా ఒక హద్దు దాటి మత్తెక్కించదు. పైన వేరే మందు వేసుకున్నా అంతగా పట్టదు. ఇలాంటి మందు మీద నిలబడినవాళ్లలో మరణాల ముప్పు సగానికి పైగా తగ్గినట్టు అనేక దేశాల అధ్యయనాలు చూపించాయి. వారం పది రోజులు ఒళ్లు కడిగేసి పంపించే డీటాక్స్‌కి ఆ రక్షణ లేదు.

మొదటి డోసు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఒంట్లో ట్రమడాలో హెరాయినో ఇంకా ఉండగా బ్యూప్రెనార్ఫిన్ వేస్తే అది వాటిని గ్రాహకాల మీంచి నెట్టేసి, తాను సగం పని మాత్రమే చేస్తుంది. రెండు రోజుల్లో మెల్లగా రావాల్సిన బాధంతా అరగంటలో మీద పడుతుంది. అలా ఒకసారి దెబ్బతిన్నవాడు ఆ మందు పేరెత్తితేనే పారిపోతాడు. అందుకని చివరి మాత్ర తర్వాత కనీసం 12 గంటలు, ఎస్‌ఆర్ మాత్రలైతే 24 గంటలు ఆగాలి. గంటల కంటే గుర్తులు నమ్మదగ్గవి. నాడి, చెమట, కంటిపాప, ఆవలింతలు, రోమాలు వంటి 11 అంశాలకి మార్కులు వేసే కౌస్ అనే కొలత డాక్టర్ల దగ్గర ఉంటుంది. అది 8 నుంచి 12కి చేరాకే మొదటి డోసు ఇస్తారు. త్వరగా మందు దొరుకుతుందని "రాత్రి నుంచే ఆపేశా" అని అబద్ధం చెప్తే అనుభవించేది చెప్పినవాడే.

తొలి డోసు 2 నుంచి 4 మి.గ్రా. గంటో రెండు గంటలో చూసి, అవసరమైతే ఇంకొంత. మొదటి రోజు 8 మి.గ్రా. దాకా వెళ్తారు, తర్వాతి రోజుల్లో సర్దుతారు. మాత్ర నాలుక కింద పూర్తిగా కరగాలి, దానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడి చేసుకోవాలి. కరిగేదాకా మాట్లాడకూడదు, మింగకూడదు. మింగితే మందు లివర్‌లోనే చాలావరకు ఖర్చైపోయి "నాకు పట్టలేదు" అంటారు. కరిగాక నీళ్లు పుక్కిలించి మింగేసి, గంట తర్వాతే పళ్లు తోముకోవాలి, లేకపోతే పళ్లు దెబ్బతింటాయి. చాలా మాత్రల్లో దీంతో పాటు నాలోక్సోన్ అనే విరుగుడు మందు ఉంటుంది. నాలుక కింద అది పెద్దగా ఒంటికి పట్టదు. నలిపి సూదితో ఎక్కించుకుంటే మాత్రం వెంటనే విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది, అది పెట్టిందే అందుకు.

ఎన్నాళ్లు వాడాలి అని ఇంట్లోవాళ్లు మొదటి రోజే అడుగుతారు. నెలలు, చాలామందికి ఏడాది పైనే. ఉద్యోగం, నిద్ర, అప్పులు, ఇంట్లో మాటలు అన్నీ కుదుటపడ్డాక మెల్లగా తగ్గించాలి. పెళ్లి ముహూర్తం పెట్టుకుని ఆ తేదీకల్లా ఆపేయాలని డాక్టరు మీద ఒత్తిడి తేవద్దు. ఇంకో దారి నాల్‌ట్రెక్సోన్ 50 మి.గ్రా. ఇది పూర్తిగా అడ్డుకునే మందు. 7 నుంచి 10 రోజులు ఏ మత్తు మందూ లేకుండా గడిచాక, లివర్ పరీక్ష తర్వాత మొదలుపెడతారు. రోజూ ఎవరో ఒకరు కళ్లెదుట మింగించే ఇంట్లో అయితే పనిచేస్తుంది. దొంగతనంగా మానేస్తే తట్టుకునే శక్తి సున్నాగా ఉంటుంది కాబట్టి ప్రమాదం మామూలు కంటే ఎక్కువ.

అందుకే ఊపిరి ఆగడం గురించి ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, గురక గరగరమని రావడం, నిమిషానికి పది కంటే తక్కువ శ్వాసలు, పెదవుల లోపలి భాగం, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో మారడం, రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా కదలకపోవడం. "మత్తుగా పడుకున్నాడు, పొద్దున్నకి దిగిపోతుంది" అని దుప్పటి కప్పి వదిలేసిన రాత్రే ప్రాణం పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో ఏమైనా ఉంటే తీసి, గడ్డం పైకెత్తి తల వెనక్కి వంచండి. ముక్కు మూసి నోటిలోకి ఐదు సెకన్లకొక ఊపిరి, రొమ్ము పైకి లేస్తుందో లేదో చూస్తూ. నాడి అందకపోతే రొమ్ము మధ్యలో నొక్కడం మొదలుపెట్టండి. తనంతట తాను ఊపిరి తీస్తుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులో అడ్డం పడకుండా. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు నోట్లో పోయకండి. స్పృహ లేనివాడికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. విరుగుడు నాలోక్సోన్, మన దగ్గర ఎక్కువగా ఇంజెక్షన్ రూపంలోనే దొరుకుతుంది. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. మింగిన మాత్ర ప్రభావం అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, కళ్లు తెరిచాడని ఇంటికి తెచ్చేస్తే మళ్లీ మునిగిపోతాడు. ట్రమడాల్ అయితే ఆ మాట అంబులెన్సు సిబ్బందికి తప్పక చెప్పండి, ఖాళీ స్ట్రిప్ చేతికివ్వండి. దానికి నాలోక్సోన్ పూర్తిగా విరుగుడు కాదు, ఫిట్స్ కూడా చూసుకోవాలి.

తర్వాతి నెలల్లో మనిషిని వెనక్కి లాగేవి చాలావరకు చిన్న విషయాలే. రాత్రి మూడింటిదాకా నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, పాత మెడికల్ షాపు ఉన్న రోడ్డు, జీతం పడిన రోజు. యావ వచ్చినప్పుడు అది ఎక్కువగా అరగంటలోపే దిగుతుంది. ఆ అరగంట ఒంటరిగా, చేతిలో డబ్బుతో ఉండకుండా చూసుకోవాలి. ఫోన్‌లో అమ్మేవాళ్ల నంబర్లు తీసేసి కొత్త సిమ్ వేయండి. వాళ్లకున్న బాకీ ఇంట్లో పెద్దవాళ్లు తీర్చేయాలి. బాకీ అడిగే వంకతో వచ్చినవాడే మళ్లీ చేతిలో స్ట్రిప్ పెడతాడు.

మగవాళ్లు ఎవరితోనూ చెప్పని కారణం ఇంకోటుంది. ట్రమడాల్ వాడినన్నాళ్లు వీర్యస్ఖలనం ఆలస్యమవుతుంది, కొందరు మొదలుపెట్టిందే అందుకు. మానేశాక కొన్ని వారాలు అది మరీ త్వరగా అయిపోతుంది. సిగ్గుతో చెప్పుకోలేక, దానికోసమే మళ్లీ మాత్ర వేసుకుంటారు. దీనికి వేరే మందులున్నాయి, డాక్టరుని నేరుగా అడగొచ్చు. ఆడవాళ్లకి ఆగిపోయిన నెలసరి మానేశాక తిరిగొస్తుంది. నెలసరి రాకముందే గర్భం రావచ్చు కాబట్టి ఆ జాగ్రత్త మొదటి నుంచే తీసుకోవాలి. నడుం నొప్పితో మొదలైనవాళ్లకి ఆ నొప్పికి వేరే మార్గం చూపకుండా మానమనడం అన్యాయం. ఫిజియోథెరపీ, మత్తు లేని నొప్పి మందులు చికిత్సలో భాగంగానే రావాలి. ఒకరోజు జారి వేసుకుంటే అంతా పోయినట్టు కాదు. మర్నాడే డాక్టరుకి చెప్పి, బ్యూప్రెనార్ఫిన్ కొనసాగించే పద్ధతి అడగాలి.

ఎక్కడికి వెళ్లాలంటే, ముందు ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నాయి. పెద్ద ప్రభుత్వ వైద్య కళాశాలల్లోనూ ఈ విభాగం ఉంటుంది. సూది వాడేవాళ్లకి నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) కింద నడిచే ఓఎస్‌టీ కేంద్రాల్లో, అంటే మత్తు మందుకి బదులు చికిత్స మందిచ్చే చోట, బ్యూప్రెనార్ఫిన్ ఉచితం. దగ్గర్లో ఏముందో డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446లో అడగొచ్చు. మనసు బాగాలేని రాత్రులకి టెలీ-మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

ట్రమడాల్ 2018 నుంచి మత్తు మందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి వచ్చింది కాబట్టి ఆసుపత్రికెళ్తే పోలీసు కేసవుతుందని భయపడతారు. వాడటం, కొద్ది మొత్తం దగ్గరుంచుకోవడం మీద కేసున్నవాడు తానుగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకి వస్తే, ఆ చికిత్స పూర్తి చేస్తే, విచారణ నుంచి రక్షణ ఇవ్వడానికి అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. ప్రైవేటు కేంద్రంలో చేర్చేముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తాడు, ఏ మందులిస్తారు, ఇంట్లోవాళ్లని కలవనిస్తారా అని అడగండి. మూడు నెలలు ఎవరూ రావద్దు అనే చోట చేర్చకండి. గొలుసులు వేయడం, ఒంటరిగా బంధించడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషేధం.

మొదటి ఓపీకి వెళ్లేటప్పుడు వాడిన మందుల ఖాళీ స్ట్రిప్‌లు, సీసాలు, చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నాడో రాసిన కాగితం, మద్యం, నిద్ర మాత్రల లెక్క, పాత ఫిట్స్ వివరాలు తీసుకెళ్లండి. సూది ఒక్కసారి వాడినా హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు ఆ రోజే రాయించుకోండి. హెపటైటిస్ సి ఉన్నా భయపడక్కర్లేదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద దానికి మాత్రలు ఉచితం, చాలామందికి 12 వారాల కోర్సుతో నయమైపోతుంది.